పాత ఎయిర్ రైఫిల్ బాగుచేతకు పనిముట్లు: కోనసీమ చెమ్మలో ఏవి కొనాలి, ఏవి మానాలి

మా మేనమామ గారి ఇంటి అటక మీద పాతికేళ్ళు పడి ఉన్న ఒక ఎయిర్ రైఫిల్ నా చేతికి వచ్చినప్పుడు దాని గొట్టం మీద తుప్పు పొరలు కట్టి ఉంది, కొయ్య స్టాక్ (భుజానికి ఆనించుకునే భాగం) మెడ దగ్గర సన్నగా పగిలి ఉంది, స్క్రూలు కదిలే స్థితిలో లేవు. ఆ మరునాడే నేను రాజమహేంద్రవరం వెళ్ళి, హార్డ్‌వేర్ దుకాణంలో మెరిసే పెట్టె ఒకటి చూసి, అందులో అన్నీ ఉన్నాయి కదా అని కొని తెచ్చుకున్నాను. పెట్టెలోని పనిముట్లలో ఒక్క స్క్రూడ్రైవర్ కూడా ఆ రైఫిల్ స్క్రూల గాడిలో సరిగ్గా కూర్చోలేదు, కూర్చోని దానితో బలంగా తిప్పేసరికి ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ గాడి అంచు విరిగింది. ఆ స్క్రూ తలను మళ్ళీ సరిచేయించడానికి పట్టిన శ్రమ వల్లనే నాకు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి తెలిసింది: ముందు రైఫిల్‌ను కొలవాలి, ఆ కొలతలు చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్ళాలి, ఆ రోజు చేయబోయే పనికి కావలసిన పనిముట్టు మాత్రమే కొనాలి.

ఇక్కడ నేను చెప్పబోయేది స్ప్రింగుతో పనిచేసే, గొట్టాన్ని కీలు దగ్గర మధ్యకు విరిచి (అంటే కిందికి వంచి) పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, పెట్టే రకం 0.177 అంగుళాల ఎయిర్ రైఫిల్ గురించి మాత్రమే. మందుగుండుతో పేలే తుపాకీకి ఇందులోని ఏ మాటా వర్తించదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం అటువంటి తుపాకీని తయారుచేయడానికే కాదు, మరమ్మతు చేయడానికి, పరీక్షించడానికి కూడా లైసెన్సు ఉండాలి. గొట్టం పొట్టి చేయడం, బొమ్మ తుపాకీని నిజమైన తుపాకీగా మార్చడం 6వ సెక్షన్ కిందికి వస్తాయి. పంట కాపలాకు లైసెన్సు తుపాకీ ఉన్న రైతులు మన వైపు ఇంకా ఉన్నారు. వారు దాన్ని బాగుచేయించవలసి వస్తే లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరకే తీసుకువెళ్ళాలి. 2016 ఆయుధ నిబంధనలు 20 జౌళ్ళ శక్తి మించని, 4.5 మిల్లీమీటర్ల (అంటే 0.177 అంగుళాల) బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేకుండా వెసులుబాటు ఇచ్చాయి. ఆ వెసులుబాటు ఉన్నది ఉన్నట్టు ఉంచుకున్నవారికే కాబట్టి, బలమైన స్ప్రింగు వేసి శక్తి పెంచాలనే ఆలోచన ఈ పనిలోకి రానివ్వకూడదు. కొల్లేటి పక్షుల మీద, కోరింగ మడ అడవుల్లోని పక్షుల మీద, చేపల చెరువు గట్టున వాలే కొంగల మీద గురి పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మన గురి కాగితమే.

పని మొదలుపెట్టే ముందు గొట్టాన్ని విరిచి లోపల పెల్లెట్ లేదని, స్ప్రింగు నొక్కుకుని పేలడానికి సిద్ధంగా కొక్కెం పడి లేదని ప్రతిసారీ చూసుకోవాలి. విరిచి ఉన్న గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకోకుండా రెండో చేతి వేలు లోపలికి పెట్టకూడదు. ట్రిగ్గర్ జారితే గొట్టం ఎముక విరిగేంత వేగంతో వచ్చి మూసుకుంటుంది.

స్క్రూడ్రైవర్లు

స్ప్రింగు రైఫిల్ పేలినప్పుడు లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, దాని ఎదురు బలానికి రైఫిల్ వెనక్కి కదులుతుంది. పిస్టన్ కొసకు చేరి ఆగేటప్పుడు రైఫిల్ ఒక్కసారిగా ముందుకు లాగబడుతుంది. ఒక్క గుండుకే రెండు వైపులా ఇలా కుదుపు తగలడం వల్ల స్టాక్‌ను పట్టి ఉంచే స్క్రూలు మెల్లగా వదులవుతుంటాయి, అవి వదులైతే గురి చెదురుతుంది. అందువల్ల ఈ రైఫిల్ ఉన్నవారు జీవితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు పట్టే పనిముట్టు స్క్రూడ్రైవరే. ఖర్చు పెట్టదలచుకుంటే ఇక్కడే పెట్టాలని నా అభిప్రాయం.

బజారులో దొరికే మామూలు స్క్రూడ్రైవర్ మొన చీలలాగా కొసకు సన్నబడుతూ వస్తుంది. స్క్రూ గాడి గోడలు మాత్రం నిట్టనిలువుగా ఉంటాయి. చీల ఆకారం నిలువు గాడిలో దిగినప్పుడు పైఅంచుల దగ్గర మాత్రమే తగులుతుంది, అడుగున ఖాళీ ఉండిపోతుంది. బలం పెట్టి తిప్పగానే మొన పైకి ఎక్కి జారి, పోతూ పోతూ గాడి అంచును చింపి, పక్కనున్న కొయ్యనో నల్లమెరుగునో గీరుతుంది. తుపాకీ పనివారు వాడే స్క్రూడ్రైవర్ మొన రెండు పక్కలా లోపలికి గుంటగా సాన పట్టి ఉంటుంది, అందువల్ల కొస దగ్గర రెండు ముఖాలూ ఒకదానికొకటి సమాంతరంగా వచ్చి గాడి అడుగు దాకా నిండుగా కూర్చుంటాయి. కొనేటప్పుడు మొనను పక్కనుంచి వెలుతురుకు పెట్టి చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది.

మీ రైఫిల్‌కు ఏ కొలత కావాలో తెలుసుకోవడానికి రెండు సంగతులు చూడాలి. ఒకటి గాడి పొడవు. మొన వెడల్పు ఇంచుమించు అంతే ఉండాలి గాని స్క్రూ తల కంటే ఒక వెంట్రుకవాసి కూడా ఎక్కువ ఉండకూడదు, ఎందుకంటే స్టాక్‌లోకి దిగి ఉండే స్క్రూల చుట్టూ కొయ్య ఉంటుంది, వెడల్పు మొన దాన్ని చుట్టూ కోసేస్తుంది. రెండవది గాడి మందం. దీన్ని వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే జారుడు స్కేలుతో) కొలవడం కష్టం. మోటారు సైకిల్ మెకానిక్ ట్యాపెట్లు సరిచేయడానికి వాడే ఫీలర్ గేజి ఉంటుంది కదా, దాని రేకులను ఒకదానిమీద ఒకటి పెట్టి గాడిలో దూర్చి, కదలకుండా బిగుతుగా నిలిచినప్పుడు రేకుల అంకెలు కూడితే గాడి మందం వస్తుంది. ప్రతి స్క్రూకూ ఈ రెండు కొలతలూ తీసి కాగితం మీద రాసుకోండి. మా రైఫిల్‌లో స్క్రూలు పదకొండు ఉన్నా వాటికి కావలసిన మొనలు మూడే అని అప్పుడు తేలింది.

గుంట సాన పట్టిన మొనలు మన పట్టణాల్లో మామూలుగా దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసి ఉంటుంది. అంతవరకు ఆగలేనివారికి ఇంకో మార్గం ఉంది. క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేసిన మంచి స్క్రూడ్రైవర్‌ను, టపారియా వంటి అందరికీ తెలిసిన రకమైనా సరే, గాడి కంటే కొంచెం మందం ఎక్కువ ఉన్నది ఎంచుకుని, ఆరంగుళాల బెంచి గ్రైండర్ చక్రం వంపుకు మొన రెండు ముఖాలనూ ఆనించి కొద్దికొద్దిగా అరగదీస్తే, ఆ వంపే మొనకు కావలసిన గుంట ఇస్తుంది. ఒక్కసారి తాకించి, నీళ్ళలో ముంచి, మళ్ళీ తాకించాలి. మొన మీద నీలం రంగు తిరిగిందంటే ఉక్కుకు పెట్టిన పాయనం దిగిపోయినట్టే, ఆ భాగం మెత్తబడి మొదటి బిగుతు స్క్రూ దగ్గరే మెలిపడుతుంది. కమ్మరి కొలిమిలో పని చూసినవారికి ఈ రంగుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. చివరిగా సాన రాయి మీద కొసను చదును చేసి, ఫీలర్ గేజితో కొలిచిన మందానికి సరిపోయిందో లేదో వెర్నియర్‌తో చూసుకోవాలి. గ్రైండర్ దగ్గర కళ్ళజోడు తప్పనిసరి.

తుప్పుతో బిగిసిన స్క్రూకు సరైన మొన దొరికినా తొందరపడకూడదు. డబ్ల్యూడి-40 వంటి చొచ్చుకుపోయే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయాలి. ఉదయం సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తలకు కాసేపు ఆనించి వేడి చేసి చల్లారనివ్వాలి. తరువాత ముందుగా బిగించే వైపుకు ఒక పిసరు తిప్పి, తుప్పు పట్టు విరిగినట్టు చేతికి తెలిశాక వెనక్కి తిప్పాలి. మా రైఫిల్ ట్రిగ్గర్ గార్డు రెండో స్క్రూకు ఇలా మూడు రాత్రులు పట్టింది, దాని గాడి మాత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు.

కొలిచే పనిముట్లు

వెర్నియర్ ఒకటి తప్పక ఉండాలి. 0.02 మిల్లీమీటరు దాకా చదివే మామూలు ఉక్కు వెర్నియర్ నేను డిజిటల్ దానికంటే ఎక్కువగా ఇష్టపడతాను, ఎందుకంటే మన ఉప్పుగాలికి డిజిటల్ వెర్నియర్‌లో బ్యాటరీ పట్టే చోట పచ్చటి చిలుము పడుతుంది, ఉక్కుదైతే నూనె గుడ్డతో తుడిచి పెట్టుకుంటే సరిపోతుంది.

దానితోపాటు స్క్రూ మరకూ మరకూ మధ్య దూరం (మర అంతరం) చూసే థ్రెడ్ గేజి ఒకటి అవసరం, ముఖ్యంగా రైఫిల్ పాత ఇంగ్లండ్ సరుకు అయితే. జర్మనీ నుంచి వచ్చిన డయానా వంటి రైఫిళ్ళలో మెట్రిక్ మరలు ఉంటాయి. బీఎస్ఏ, వెబ్లీ వంటి పాత బ్రిటిష్ రైఫిళ్ళలో బీఏ (బ్రిటిష్ అసోసియేషన్) మరలు కనబడతాయి. పోయిన స్క్రూ బదులు కొత్తది వేసేటప్పుడు ఈ తేడా తెలియకపోతే నష్టం పెద్దది. 0 బీఏ స్క్రూ వ్యాసం 6 మిల్లీమీటర్లు, మర అంతరం 1 మిల్లీమీటరు. మన బజారులోని ఎం6 స్క్రూ కొలతలు కూడా సరిగ్గా అవే. అయినా బీఏ మర కోణం 47.5 డిగ్రీలు, మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. కొలతలు కలిశాయి కదా అని ఎం6 స్క్రూ దూర్చి బిగిస్తే అది మొదట కొంత దిగుతుంది, తరువాత గట్టిగా పట్టేస్తుంది, బలం పెడితే రైఫిల్ శరీరంలోని మరలను తినేస్తుంది. లోపలి మరలు పాడైతే స్క్రూ మార్చినంత తేలికగా బాగుపడవు. భీమవరం, తణుకు, రావులపాలెం వంటి చోట్ల రైసు మిల్లులకు, చెరువుల ఏరేటర్లకు పనిచేసే లేతు దుకాణాల్లో థ్రెడ్ గేజి ఉంటుంది కాబట్టి, ఒక్క స్క్రూ కోసమైతే కొనకుండా అక్కడికి తీసుకువెళ్ళి చూపించుకోవచ్చు. స్టాక్ స్క్రూ ఒకటి కొత్తగా తిప్పించుకోవడానికి కూడా వారే దిక్కు.

విప్పిన స్క్రూలు కలిసిపోకుండా ఉంచుకోవడానికి నేను పాత ఇడ్లీ ప్లేటు వాడతాను. ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూ వేసి, పక్కన కాగితం మీద రైఫిల్ బొమ్మ గీసి గుంటకో అంకె రాసుకుంటాను. అయితే పెల్లెట్లు సీసంతో చేసినవి, గొట్టం నుంచి వచ్చే మసిలోనూ సీసం ఉంటుంది. అందువల్ల ఒకసారి ఈ పనికి వాడిన ప్లేటు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు. పని మధ్యలో టీ తాగడం, తినడం మానాలి, లేచాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పిల్లలు ఆ బల్ల దగ్గరకు రాకుండా చూసుకోవాలి.

పంచులు, సుత్తి, వైసు

పిన్నులు కొట్టి తీయడానికి మేకు వాడేవారిని చాలామందిని చూశాను. మేకు కొస పిన్ను తలను నొక్కి పుట్టగొడుగులాగా వెడల్పు చేస్తుంది, ఆ పిన్ను ఇక రంధ్రంలోంచి రాదు. ఇక్కడ రెండు రకాల పంచులు (పిన్నును తోసే ఉక్కు కడ్డీలు) కావాలి. పొట్టిగా, కొసకు సన్నబడే పంచితో పిన్నును మొదట కదిలించాలి, అది వంగదు. కదిలాక సన్నని, పొడవునా ఒకే మందం ఉన్న పంచితో బయటికి తోయాలి. పంచి మందం పిన్ను కంటే కొంచెం తక్కువ ఉండాలి, కాబట్టి ఇక్కడ కూడా వెర్నియర్‌తో పిన్నులు కొలిచాకే కొనాలి. రేకు చుట్టినట్టుండే బోలు పిన్నులు ఉంటే, వాటికి కొసన చిన్న బొడిపె ఉన్న పంచులు వేరే వస్తాయి.

సుత్తి చిన్నది చాలు, రెండు వందల గ్రాములకు మించకూడదు. ఒక వైపు ఇత్తడి, మరో వైపు నైలాన్ ఉన్నది దొరికితే మేలు. దెబ్బ చేతి బరువుతో పడాలి గాని భుజం బలంతో కాదు.

వస్తువును కదలకుండా బిగించి పట్టే బెంచి వైసు కొనాలా అక్కరలేదా అన్నది మీ దగ్గర గట్టి బల్ల ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కదిలే బల్లకు బిగించిన పెద్ద వైసు కంటే, కదలని బల్లకు బిగించిన నాలుగంగుళాల వైసు మంచిది. దాని పళ్ళు నేరుగా రైఫిల్‌ను తాకకూడదు. నేను మామిడి చెక్క ముక్కలు రెండు చేసి, లోపలి వైపు పాత తోలు బెల్టు అంటించి పళ్ళ మీద పెడతాను. మా ఊళ్ళో కొబ్బరి పీచు ఎంత కావాలంటే అంత దొరుకుతుంది కాబట్టి మొదట పీచుతో చేసిన దిండు వాడాను, కాని పీచు తేమను పట్టి ఉంచుతుంది. నాలుగు రోజులు వైసులో వదిలేసిన గొట్టం మీద దాని అచ్చు తుప్పు మచ్చగా పడింది.

కొనవద్దని చెప్పదలచినవి

సన్న ఆకురాళ్ళ సెట్టు చూడగానే కొనాలనిపిస్తుంది. కంసాలి పనికి అవి ప్రాణం, ఈ పనికి మాత్రం ఇంచుమించు అక్కరలేదు. ట్రిగ్గర్ మెత్తగా పడాలని, స్ప్రింగును పట్టి ఉంచే లోపలి కొక్కేన్ని అరగదీయాలనే ఆశే వాటిని కొనిపిస్తుంది. ఆ కొక్కెం పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు, ఆ పొర చాలా పలుచన. ఆకురాయి దాన్ని దాటి లోపలి మెత్తని లోహాన్ని తాకితే కొక్కెం త్వరగా అరిగి, ట్రిగ్గర్ తాకకుండానే రైఫిల్ పేలే ప్రమాదం వస్తుంది. సర్దుబాటు స్క్రూ ఉంటే దానితో సరిపెట్టుకోవాలి, లేకపోతే ట్రిగ్గర్ ఎలా ఉందో అలాగే అలవాటు చేసుకోవాలి. కరెంటుతో గిరగిర తిరిగే చిన్న గ్రైండింగ్ పనిముట్టు విషయంలో కూడా నా మాట ఇదే. అది ఒక్క క్షణంలో తీసేసిన లోహాన్ని ఎవరూ తిరిగి పెట్టలేరు.

స్ప్రింగు కంప్రెసర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రైఫిల్ కొక్కెం పడకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా లోపలి స్ప్రింగు కొంత నొక్కుడులోనే ఉంటుంది. వెనక పిన్ను గాని బిరడా గాని తీయగానే అది ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది, ఎదురుగా ముఖం ఉంటే కన్ను పోవచ్చు. ఆ స్ప్రింగును అదుపులో పెట్టి మెల్లగా వదలడానికి పొడవాటి చట్రం వంటి కంప్రెసర్ కావాలి. మొదటి ప్రాజెక్టులో ఆ భాగం జోలికి పోవద్దని నేను గట్టిగా చెబుతాను. బయటి స్క్రూలు, కొయ్య, గొట్టం, గురి చూసే సైట్లు, గొట్టం మూసుకునే చోటి రబ్బరు రింగు, వీటి వరకు చేసుకుంటేనే చాలా పాత రైఫిళ్ళు తిరిగి గురికి వస్తాయి. స్ప్రింగు విరిగిందని తేలితే తయారీ సంస్థ సర్వీసుకు గాని, అనుభవమున్న ఎయిర్ గన్ పనివారికి గాని ఇవ్వాలి. స్ప్రింగు బదులు గ్యాసు సిలిండర్ ఉన్న రకాన్ని అయితే ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లో విప్పకూడదు.

నూనెలు, గొట్టం శుభ్రం

కోనసీమలో తలుపు బందుకు, కుట్టు మిషనుకు, కొడవలికి, తలకు అన్నిటికీ కొబ్బరినూనే. రైఫిల్‌కు మాత్రం అది పనికిరాదు. గాలికి అది కొన్నాళ్ళకు చిక్కబడి, ముక్కి, జిగురు కడుతుంది, ముక్కిన నూనెలో పుట్టే ఆమ్లాలు లోహాన్ని కాపాడే బదులు తింటాయి, చలికాలపు తెల్లవారుజామున పేరుకుని సందుల్లో నిలిచిపోతుంది. మా మేనమామ గారు ప్రేమగా ఏడాదికోసారి రాసిన కొబ్బరినూనే గొట్టం కీలు దగ్గర గోధుమరంగు లక్కలాగా గట్టిపడి ఉంది. పైభాగాలకు కుట్టుమిషను నూనె పలుచగా రాస్తే చాలు, కీలుకు మాలిబ్డినం గ్రీజు చిటికెడు పెట్టాలి.

పిస్టన్ ముందున్న గది లోపలికి మాత్రం ఏ ఖనిజ నూనే పోకూడదు. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు ఆ గాలి విపరీతంగా వేడెక్కుతుంది, అక్కడ నూనె ఉంటే డీజిల్ ఇంజనులో జరిగినట్టే అంటుకుని పేలుతుంది. చప్పుడు పెద్దగా వచ్చి పొగ కనబడితే జరిగినది అదే. దానివల్ల పిస్టన్ సీలు కాలిపోతుంది, స్ప్రింగు విరుగుతుంది. డబ్ల్యూడి-40ని స్క్రూల మీద చుక్కగా వేయాలి గాని పెల్లెట్ రంధ్రంలోకి కొట్టకూడదని చెప్పేది ఇందుకే.

గొట్టం తుడవడానికి ఉక్కు కడ్డీ, ఉక్కు బ్రష్షు కొనవద్దు. అంతర్వేది, నర్సాపురం వైపు చేపల వేటగాళ్ళు వాడే మందపాటి నైలాన్ గాలపు తాడును మధ్యకు మడిచి, మడత కొసలో చిన్న నూలు గుడ్డ ముక్క తగిలించి, గొట్టం వెనక నుంచి దూర్చి ముందు నుంచి లాగితే చాలు. నాలుగైదు గుడ్డలకు మసి తగ్గుతుంది. గొట్టం ముందు కొస అంచు చెడితే గురి పోతుంది కాబట్టి తాడు ఆ అంచుకు ఒరుసుకోకుండా నిటారుగా లాగాలి. ఉన్నితో చేసిన శుభ్రపు గుండ్లు పేల్చి తుడిచే పద్ధతి స్ప్రింగు రైఫిల్‌కు మంచిది కాదు. అవి మరీ తేలిక, పిస్టన్‌కు ఎదురు ఒత్తిడి ఉండదు, ఖాళీగా పేల్చినట్టే అవుతుంది.

పైతుప్పు తీయడానికి నాలుగు సున్నాల (అతి సన్నని) స్టీల్ ఊల్‌ను నూనెలో తడిపి మెత్తగా రుద్దాలి. విడిగా వచ్చిన చిన్న స్క్రూల మీది ఎర్రతుప్పును నీళ్ళలో అరగంట మరిగిస్తే నల్లగా మారుతుంది, తరువాత స్టీల్ ఊల్‌తో రుద్దితే అందమైన నలుపు నిలుస్తుంది. ఆ నీళ్ళు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే కావాలి, సముద్రానికి దగ్గరి మండలాల్లో బోరునీళ్ళలో ఉప్పు ఉంటుంది, దానితో మరిగిస్తే మళ్ళీ తుప్పే.

కొయ్య పని

ఈ భాగంలో మన పల్లెల్లో కొరత లేదు, వడ్రంగి దగ్గర సగం పనిముట్లు ఉంటాయి, మిగతా సగం ఆయన చేతిలో ఉంటుంది. మా ఊరి వడ్రంగి గారు పాత వార్నిష్ తీయడానికి పగిలిన గాజు పెంకు అంచు వాడటం చూసి నేర్చుకున్నాను. సాండు పేపరు అదే పనికి వాడితే కొయ్య అంచులు గుండ్రబడి, లోహం కలిసే చోట సందు ఏర్పడుతుంది. వార్నిష్ పోయాక 180, 240, 320 నంబర్ల కాగితాలు వరుసగా చిన్న చెక్క ముక్కకు చుట్టి రుద్దాలి, మధ్యలో ఒకసారి తడిగుడ్డతో తుడిచి లేచిన పీచును ఆరాక మళ్ళీ రుద్దాలి.

మెడ దగ్గరి పగులుకు అరాల్డైట్ అనే ఎపాక్సీ జిగురు సరిపోతుంది. పగులులోకి పాత నూనె ఇంకి ఉంటే ఏ జిగురూ పట్టదు, అందువల్ల ముందు థిన్నర్‌తో రెండు మూడుసార్లు కడగాలి. టేకు కొయ్యకు సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి దానికీ ఇది తప్పదు. స్టాక్ మెడ గుండ్రంగా ఉండటం వల్ల క్లాంపులు జారతాయి. సైకిల్ ట్యూబును పొడవుగా పట్టీ కోసి, సాగదీస్తూ చుట్టి కట్టేస్తే అన్ని వైపులా ఒకే బిగువు వస్తుంది. పగులు లోతుగా ఉంటే అడ్డంగా సన్న రంధ్రం వేసి ఎండిన వెదురు చీల జిగురుతో దిగగొట్టించుకోవాలి.

మెరుగుకు చపడా (లక్కతో చేసే) పాలిష్ అందంగా ఉంటుంది గాని మన వానాకాలపు చెమ్మకు తెల్లబారుతుంది. అవిసె నూనెను, మరిగించి అమ్మే రకాన్ని, అరచేత్తో పలుచగా రుద్ది పొరకీ పొరకీ మధ్య పూర్తిగా ఆరనిస్తే కొయ్య లోపలి నుంచి రంగు వస్తుంది. ఆషాఢ శ్రావణాల్లో అది రోజుల తరబడి ఆరదు, సంక్రాంతి దాటాక మంచు విడిచిన పొద్దున మొదలుపెట్టడం మంచిది. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా మూల పడేయకూడదు. ఆరుతున్నప్పుడు పుట్టే వేడికి అవి తమంతట తామే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ళ బకెట్‌లో ముంచి పెట్టాలి.

ఈ గాలిలో పనిముట్లను నిలుపుకోవడం

రైఫిల్ కంటే ముందు పనిముట్లే తుప్పు పడతాయి. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఉక్కుకు తుప్పు వేగం పెరుగుతుంది, డెల్టాలో ఏడాదిలో ఎక్కువ నెలలు దానికి పైనే ఉంటుంది, సముద్రం వైపు ఊళ్ళలో దానికి ఉప్పు తోడవుతుంది. తుప్పు గుంటలు పడిన స్క్రూడ్రైవర్ మొన గాడిలో నిండుగా కూర్చోదు, తుప్పు పంచి పిన్ను రంధ్రంలో పట్టేస్తుంది. కాబట్టి పనిముట్లతోపాటే వాటిని దాచే చోటూ ఎంచుకోవాలి. ప్లాస్టిక్ పెట్టెల్లోని స్పాంజి, తోలు తొడుగు, తుపాకీ సంచి, ఇవన్నీ చెమ్మను పీల్చి లోహానికి ఆనించి ఉంచేవే. నేల మీద, సున్నం గోడకు ఆనించి పెట్టకూడదు. నాకు ఒక చిన్న చెక్క బీరువా ఉంది, నేలకు మూడడుగుల ఎత్తులో బిగించాను, వరద నీరు ఇంట్లోకి వచ్చిన అనుభవం ఉన్న లంక ఊళ్ళవారు ఇంకా ఎత్తులో పెట్టుకోవాలి. అడుగు అరలో పాతకాలపు పదిహేను వాట్ల బల్బు, దానికి ఏమీ తగలకుండా తీగ వలలో, వానాకాలమంతా వెలుగుతూ ఉంటుంది. ఆ కొద్దిపాటి వెచ్చదనానికి లోపలి తేమ శాతం తగ్గుతుంది. తేమ చూపే చిన్న మీటరు ఒకటి తలుపు లోపల తగిలించాను. కరెంటు లేని రోజులకు సిలికా జెల్ సంచులు ఉన్నాయి, రంగు మారినప్పుడు పెనం మీద సన్నసెగన వేడిచేసి మళ్ళీ వాడతాను, ఆ పెనం కూడా ఈ పనికే విడిగా పెట్టినది. బీరువాకు తాళం ఉంది, పెల్లెట్ల డబ్బాకు వేరే చోటు ఉంది. పని ముగిసిన ప్రతిసారీ చేతి చెమట తగిలిన పనిముట్టును నూనె గుడ్డతో తుడిచి లోపల పెడతాను, ముందుగా తుడిచేది స్క్రూడ్రైవర్ మొనలనే.